చివరి కొళాయి చెప్పే సాక్ష్యం



పెన్నా ఒడ్డున ఉన్న చెన్నూరులో తాగునీటిని గురించి ప్రసంగించవలసి రావడం విడ్డూరంగా తోచవచ్చు. కాని మనం నీరు ఉన్నదా అని అడగడం లేదు. ఒక బోరు, ఒక ట్యాంకు, నాలుగు వీధుల గొట్టాలతో నడిచే చిన్న పథకం మన పిల్లలకు సురక్షితమైన నీటిని ఇవ్వగలదా అని అడుగుతున్నాము. ఇవ్వగలదనే మా నమ్మకం. అయితే ఆ మాట ట్యాంకును చూసి చెప్పేది కాదు, చివరి కొళాయి నీటిని పరీక్షించి చెప్పవలసినది.

2018 మార్చిలో పాత గుంటూరులోని ఆనందపేటలో అతిసారం ప్రబలి పలువురు మరణించారు. తాగునీటిలో మురుగు కలిసిందని అక్కడి ప్రజలు ఆక్రోశించారు. సరఫరా ఆగిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పగులు ఉంటే పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. పూటకొక గంట నీరిచ్చే ప్రతి ఊరికీ ఈ ముప్పు ఉన్నది. గొట్టానికి కొసన ఉన్న మొహల్లాలకు మరీ ఎక్కువ.

అందుకే క్లోరిన్ వేసే నీటిలో కొసన కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతున్నది. పదివేల లీటర్ల నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ కలవడానికి 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు 40 గ్రాములు చాలు. ఇది డబ్బుతో కన్న శ్రద్ధతో కావలసిన పని. మూతి విప్పి వదిలేసిన సంచిలోని పౌడరుకు బలం తగ్గిపోతుంది. చల్లామన్న తృప్తి ఒక్కటే మిగులుతుంది.

క్లోరిన్ క్రిములను చంపుతుంది గాని ఫ్లోరైడును తొలగించదు. కాచినా పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే వనరు లేనిచోట సైతం 1.5 దాటరాదు. ఇక పులివెందుల వైపు తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లు చెడ్డాయని చుట్టుపక్కల గ్రామస్థులు మొరపెట్టుకున్నారు. ఊళ్లలో వాడే మామూలు పరీక్ష పెట్టె యురేనియాన్ని పట్టలేదు. అటువంటిచోట ఆ పరీక్షను పేరు పెట్టి ప్రయోగశాలను అడగవలసిందే.

కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని నిర్ణీత నాణ్యతతో ఇస్తామన్నది, ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పుతామన్నది. ఆ ఐదుగురిలో మన ఆడపడుచులు ఎందరు? పంచాయతీని అడుగుదాం. పరీక్ష ఫలితాల నకలు కూడా అడిగి తెచ్చి, మసీదులో వుజూ చేసే చోట గోడకు అంటిద్దాం. వచ్చే జుమాకు మొదటి కాగితం అక్కడ ఉండాలి.