పాత కంప్యూటర్‌లో రెండు సిస్టంలు

(బల్మూర్‌లో సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన స్టడీ సెంటర్‌కు మీరు ఇస్తున్న పాత కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కమిటీలో ఒకరు నన్ను సూటిగానే అడిగారు: "సార్, విండోస్ 10 కాలం తీరిపోయింది కదా, వీటిని తుక్కుకు వేద్దామా?"

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఇంచుమించు ఎనిమిదో తరం తర్వాతిది కావాలి. 2017కు ముందు కొన్న పెట్టెలు చాలావరకు ఈ లెక్కకు అందవు. పెట్టె మాత్రం బాగానే నడుస్తుంటుంది.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి పడతారు. దుకాణంలో కొద్ది డబ్బులిస్తే క్రాక్ చేసిన విండోస్ వేసి ఇస్తారు. అది వేయడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. కావలి కుక్కను కట్టేసి తలుపు తీసినట్టే అది. ఇంకో సంగతి దానికన్నా పెద్దది. ఫత్వా చెప్పడం నా పని కాదు, మౌలానా గారు ఎదురుగానే ఉన్నారు. అయితే 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, రచయిత హక్కు, ఆవిష్కర్త హక్కు షరీఅత్ గుర్తించే హక్కులేనని, వాటిని కాజేయరాదని తీర్మానించింది. మీరు హలాల్ సంపాదనలో నుంచి తీసి ఇచ్చిన సదఖా సొసైటీ చేతిలో అమానత్. దాని మీద దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి పిల్లలకు చదువు చెబుతామా?

సవ్యమైన దారి ఒకటి ఉంది. కంప్యూటర్‌తో వచ్చిన అసలు విండోస్‌ను అలాగే ఉంచి, దాని పక్కన లినక్స్ వేసుకోవడం. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. కాపీ చేసుకోవడానికి, పంచడానికి లైసెన్సే అనుమతి ఇస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారుచేశారు. పాత పెట్టెలకు నేను మింట్ అనే రకం సూచిస్తాను, విండోస్ అలవాటు ఉన్నవాళ్లకు తికమక ఉండదు.

చెలకకు నడుమ గట్టు వేసి ఒక దిక్కు పల్లి, ఒక దిక్కు పత్తి వేసినట్టు డిస్కును రెండు భాగాలు చేస్తాం. ముందు విలువైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసిపెట్టాలి, ఇది తప్పనిసరి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ రాసిపెట్టుకుని తీసేయాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ వైపు నుంచి ఆ ఫైళ్లలో మార్పులు చేయడానికి వీలుపడదు. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కొంత జాగా ఖాళీ చేసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి దానితో కంప్యూటర్‌ను లేపాలి. ఏమీ వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. తెర, శబ్దం, వైఫై పనిచేస్తేనే ముందుకు పోవాలి. "విండోస్ పక్కన వేయి" అనే ఎంపిక వస్తుంది. "డిస్క్ మొత్తం తుడిచివేయి" అనేదీ అక్కడే ఉంటుంది కాబట్టి ఆ పేజీ దగ్గర పిల్లలను ఒంటరిగా వదలకండి. పని అయ్యాక కంప్యూటర్ వేసిన ప్రతిసారీ ఏది కావాలని అడుగుతుంది.

గడియారం ఒక్కోసారి వేడుక చేస్తుంది. లినక్స్ లోపలి గడియారాన్ని గ్రీనిచ్ కాలంలో పెడుతుంది, విండోస్ దాన్నే మన కాలం అనుకుంటుంది. ఐదున్నర గంటల తేడా వస్తుంది. జొహర్ వేళ ఒంటిగంటకు చూస్తే ఉదయం ఏడున్నర అంటుంది! లినక్స్‌ను మన స్థానిక సమయం వాడమని ఒకసారి చెబితే సర్దుకుంటుంది.

"లినక్స్ ఉచితమైతే విండోస్ ఎందుకు, అది తీసేయండి" అని ఒక దాత అన్నారు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం కొన్నేళ్లకే ప్రభుత్వ బడులను ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు నడిపింది, ఇప్పుడు కైట్ పేరుతో అదే పని చేస్తున్నారు. అది మెచ్చదగిన పని. కాని వాళ్లకు ప్రభుత్వం వెనక ఉంది. మన అమ్మాయి చదువు మధ్యలో ఆపి అచ్చంపేటలో డీటీపీ పనికి పోతే అక్కడ తెలుగుకు అను, ఉర్దూకు ఇన్‌పేజ్. రెండూ విండోస్‌వే. దుకాణంలో లెక్కలు రాయాలంటే ట్యాలీ, అదీ విండోస్‌దే. ఆ కూడు ఆమెకు దూరం చేయడానికి మనమెవరం? అందుకే రెండూ ఉండాలి. ఇంటర్నెట్ పని, జియోజెబ్రాతో లెక్కలు, లిబ్రాఫీస్‌లో తెలుగు, ఉర్దూ టైపింగ్ లినక్స్‌లో చేయిద్దాం. అప్‌డేట్లు రాని విండోస్ 10ను నెట్ కేబుల్ తీసేసి డీటీపీకి, ట్యాలీకి మాత్రం వాడదాం.

ఇక మీతో పని. ఇచ్చే ముందు మీ దుకాణం లెక్కలు, ఇంటి ఫొటోలు అందులో ఉండిపోకుండా చూసుకోండి. విండోస్ సెట్టింగ్స్‌లో రీసెట్ అని ఉంటుంది, అందులో "అన్నీ తీసివేయి" ఎంచి డ్రైవ్‌ను శుభ్రం చేయమంటే మీ ఫైళ్లు పోతాయి, విండోస్ మిగులుతుంది. డిస్క్ పూర్తిగా ఊడదీసి ఇస్తే ఆ విండోస్ మళ్లీ ఎక్కించుకునే పని మా మీద పడుతుంది. కొత్త పెట్టె కొనివ్వాలనుకునేవారు ఆ డబ్బుతో ముందు పాతవాటికి 240 జీబీ ఎస్ఎస్‌డీలు, 8 జీబీ వరకు ర్యామ్ వేయించండి. రెండు సిస్టంలకు అది చాలు, పాత పెట్టె కూడా లేచి పరుగెడుతుంది. ఇచ్చేటప్పుడు పవర్ కేబుల్, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ మరవకండి. కేబుల్ లేని పెట్టెలు ఇప్పటికే రెండు మా బీరువా మీద ఉన్నాయి.