వ్యాయామ ప్రయోగశాల నేర్పే లెక్క
(వడమాలపేటలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిజికల్ డైరెక్టరంటే మెడలో విజిలు, చంకలో బంతి అనే అందరూ అనుకుంటారు. నా సర్వీసులో నాకు బాగా ఇష్టమైన చోటు మాత్రం మైదానం కాదు, కాలేజీలో ఒక మూలనున్న చిన్న గది. బయట ‘వ్యాయామ శాస్త్ర ప్రయోగశాల’ అని బోర్డు. లోపల ఒక చెక్క బల్ల, స్టాప్‌వాచీ, తాళం వేసే మెట్రోనోమ్, బరువు చూసే మిషను, బి.పి. పరికరం, పిడికిలి బలం కొలిచే డైనమోమీటరు. అంతే.

అక్కడ ఎక్కువగా చేయించింది హార్వర్డ్ స్టెప్ టెస్టు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో బ్రూహా బృందం దీనిని రూపొందించింది. యువకులు 20 అంగుళాల బల్ల మీదికి నిమిషానికి 30 సార్ల చొప్పున 5 నిమిషాలు ఎక్కి దిగాలి. తర్వాత కూర్చోబెట్టి 1, 2, 3 నిమిషాలు గడిచాక ఒక్కొక్కసారి అర నిమిషం నాడి లెక్కించాలి. చేసిన సెకన్లను 100తో హెచ్చించి, మూడు లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే స్కోరు వస్తుంది. 300 సెకన్లూ పూర్తిచేసినవాడి నాడి మొత్తం 150 అయితే స్కోరు 100. 180 అయితే 83. శ్రమ తర్వాత గుండె ఎంత త్వరగా నెమ్మదిస్తుందన్నదే ఇందులోని కీలకం.

విద్యార్థులు జంటలుగా చేసేవారు. ఒకరు ఎక్కితే ఒకరు నాడి పట్టాలి. ఒకసారి హాస్టలు అమ్మాయి ఒకతె రెండో నిమిషానికే ఆగిపోయింది. "సోమరి" అని కొందరు నవ్వారు. నాడి పట్టిన స్నేహితురాలు నవ్వలేదు. "సార్, మూడు నిమిషాలైనా నాడి దిగలేదు" అని కాగితం నా ముందు పెట్టింది. డాక్టరుకు చూపిస్తే రక్తహీనత అన్నారు. మందులు వాడి, తిండి సరిచేసుకున్నాక కొన్ని నెలలకు ఆ అమ్మాయి పరీక్ష పూర్తిచేసింది. కొలవకుండా ఎవరి మీదా తీర్పు చెప్పకూడదని క్లాసుకంతా అర్థమైంది.

మిత్రులారా, బల్ల పరీక్ష మన వయసుకు తగదు; ఎవరూ ప్రయత్నించవద్దు. మనకు తగినది కుర్చీ పరీక్ష. 1999లో అమెరికాలో రిక్లీ, జోన్స్ అనే ఇద్దరు ఆచార్యులు ప్రకటించారు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలమో చూడాలి. 65 నుంచి 69 ఏళ్ళ మగవారు 12, ఆడవారు 11 కంటే తక్కువ చేస్తే కాళ్ళలో బలం తగ్గినట్టు. పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. గుండెజబ్బు, మోకాళ్ళ బాధ ఉన్నవారు డాక్టరును అడిగే చేయాలి. పక్కన ఒక మనిషి ఉండాలి.

బతికి ఉన్నామని ఏటా ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఎవరి సాయం లేకుండా లేవగలుగుతున్నామా అన్నది మాత్రం ఎవరూ అడగరు, మనమే చూసుకోవాలి. అందుకని నాదొక సూచన. దగ్గరలోని కాలేజీ వ్యాయామ విద్యార్థులను ఆరు నెలలకొకసారి మన సమావేశానికి పిలుద్దాం. ఒక రిజిస్టరు పెట్టి, ఎవరి అంకె వారికి రాయిద్దాం. పక్కవాడితో పోటీ వద్దు. మన పాత అంకెతోనే పోల్చుకుందాం. పిల్లలకు ప్రాక్టికల్ అవుతుంది, మనకు ముందుజాగ్రత్త అవుతుంది. కార్యవర్గం దీనిని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.