వ్రాయు పిల్లవానికి చదువు పెద్దవాడు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గురువు శిష్యునికి ఏమి ఈయవలయును, అతనినుండి ఏమి అడుగరాదు అను ప్రశ్న ఆదిపర్వము నాటిది. ద్రోణుడు ఏకలవ్యునికి పాఠము చెప్పలేదు. అయినను దక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు గైకొనెను. నేర్పనివాడు అడిగెను, నేర్చినవాడు ఇచ్చెను. ఆ కథ చదివిన ప్రతి తరమును నొచ్చుకొనుచునే యున్నది.

దానికి బదులు చెప్పినట్లుండు అమెరికా చలనచిత్ర మొకటి 2000 సంవత్సరమున వెలువడినది. పేరు ‘ఫైండింగ్ ఫారెస్టర్’. దర్శకుడు గస్ వాన్ శాంట్. తెలుగునాట దీని మాట అంతగా వినబడదు.

విలియం ఫారెస్టర్ ఒకే నవలతో పులిట్జర్ బహుమానము పొంది, పిమ్మట లోకమునకు మొగము చాటు చేసికొన్న వృద్ధ రచయిత. పాత్రధారి షాన్ కానరీ. న్యూయార్కు నగరమున బ్రాంక్స్ పేటలో తలుపు మూసికొని కూర్చున్న ఆయన ఇంటిలోనికి జమాల్ అను పదునారేండ్ల నల్లజాతి బాలుడు, స్నేహితులు పురికొల్పగా రాత్రివేళ కిటికీగుండ దూరి, బెదరి, తన సంచి వదలి పారిపోవును. సంచి తిరిగి చేతికి వచ్చినప్పుడు అందులోని వ్రాతపుస్తకముల నిండ దిద్దుబాట్లు! దొంగవలె వచ్చినవాని వ్రాతను అంత శ్రద్ధగా చదువువాడు దొరకుట ఆ బాలుని అదృష్టము.

తరువాత వానిపై పరుల రచన అపహరించినాడన్న నింద పడును. గడప దాటని ఫారెస్టరు నిండుసభకు వచ్చి ఒక రచన చదువును. అది ఆ మహారచయితదే అనుకొని సభ యంతయు కరతాళధ్వనులు చేసిన పిమ్మట, వ్రాసినవాడు జమాల్ అని వెల్లడించును. ద్రోణుడు వ్రేలు తీసికొనెను. ఈయన తన కీర్తిని కొంతసేపు బాలునికి ఎరువిచ్చెను.

ఇట్టివి తెరమీదనే జరుగునా? అనంతపురపు సీమలోనే జరిగినవి.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1893లో ఈ సీమలోని రాళ్లపల్లి గ్రామమున జన్మించెను. బాల్యముననే మైసూరు చేరి పరకాలమఠమున సంస్కృతము చదివెను. ఆయనను కట్టమంచి రామలింగారెడ్డి గుర్తించెను. రెడ్డి కేంబ్రిడ్జిలో చదివినవాడు. బుక్కరాయసముద్రము చెరువుకట్ట కొరకు ప్రాణమిచ్చిన పడుచు కథను ‘ముసలమ్మ మరణము’గా రచించిన కవి. సంస్కృతమున మునిగియున్న ఆ యువకుని చూపును తెలుగు సాహిత్యము వైపు త్రిప్పి, 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితునిగా నిలిపెను. అప్పటికి శర్మకు పందొమ్మిదేండ్లు. ఆయన 1949 వరకు అక్కడనే బోధించెను.

ఇందు ముఖ్యముగ గమనింపదగిన దొకటి గలదు. శర్మ రెండవ రామలింగారెడ్డి కాలేదు. రెడ్డి ఆంగ్ల విద్య చదివిన విమర్శకుడు. శర్మ వేమనపై ఉపన్యసించియు, అన్నమాచార్యుల కీర్తనలకు స్వరములు కూర్చియు తన త్రోవను తానే వేసికొనెను. శిష్యుడు తన వలె కానక్కరలేదని తెలిసిన గురువే గురువు.

రెండవ ఉదాహరణము ఇంకను చేరువది. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో చియ్యేడున జన్మించి పెనుకొండలో పెరిగెను. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితుడు. ఆంగ్ల సాహిత్యపు రుచి చూపినది మాత్రము అప్పటి సబ్‌కలెక్టరు భార్య యగు పిట్ దొరసాని. ఆమె ఏలువారి ఇంటి స్త్రీ. అతడు వైష్ణవ పండితుని కుమారుడు. నడుమ భాష, మతము, అధికారము అడ్డుగోడలై నిలిచియున్నను, ఒక పుస్తకము వానిని దాటించెను. ఆ బాలుడు చిన్నతనముననే పెనుకొండ శిథిలవైభవముపై ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యము వ్రాసెను. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తన కావ్యమే తనకు పాఠ్యగ్రంథమయ్యెను! ‘శివతాండవము’ రచించి, 1972లో పద్మశ్రీ పొంది, ఆంగ్లమునను ‘లీవ్స్ ఇన్ ది విండ్’ వంటి కృతులు వెలయించెను. ఆ దొరసాని పేరును తెలుగువారు నేడు తలచుట ఆ శిష్యుని మూలముననే.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఎన్ని పుస్తకములున్నవో జాబితా చెప్పును. ఎవరు కొనిపోయిరో, ఎవరు తిరిగి ఈయలేదో చిట్టా చెప్పును. కాని వ్రాతపుస్తకమును దిండుక్రింద దాచుకొన్న పిల్లవాని పేరు ఏ చిట్టాకును ఎక్కదు. వాడు వేరుసెనగ చేనినుండి వచ్చునో, మగ్గమునుండి లేచి వచ్చునో! బాలిక యైనచో ఆ పుస్తకము ఇంకను లోతున దాగియుండును. చదువుటకు గ్రంథము లిచ్చినంతమాత్రమున గ్రంథాలయ ధర్మము సగమే తీరును. వ్రాసినదానిని చదువు మనిషిని ఇచ్చినప్పుడే తక్కిన సగము తీరును.

దీనికి ధనము అక్కరలేదు. వారమునకొక సాయంకాలము ఉపాధ్యాయుడో, పద్యము తెలిసిన పెద్దయో ఇచట కూర్చుండి పిల్లల వ్రాతలు చదివినచో చాలును. వారు పాటింపవలసిన నియమములు మూడు. మొదటిది, తుదివరకు చదువక తీర్పు చెప్పరాదు. రెండవది, తప్పు దిద్దవచ్చును గాని పిల్లవాని గొంతు మార్చరాదు. మూడవది, మెప్పు వచ్చిన నాడు వానిని ముందు నిలిపి పెద్దలు వెనుక నిలువవలయును.

ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక దీపము. ఇవి ఈ భవనమున ఇదివరకే యున్నవి. ఆ రెండవ కుర్చీలో కూర్చుండువారు ఈ ఊరనే గలరు. వారు ముందునకు రావలయును.

స్వస్తి.