మూలనపడ్డ యెజ్డీ

జోగిపేట చుట్టుపక్కల ఏ పశువుల కొట్టంలోనో దుమ్ముపట్టిన యెజ్డీ మోటార్‌సైకిల్ కనిపిస్తే దయచేసి తూకానికి అమ్మకండి. చెకోస్లొవాకియా జావా నమూనాతో మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి చేసిన బళ్ల వరసలోది అది. 1996లో ఆ కర్మాగారమే మూతపడింది. రాళ్లబాటలోనూ, పొలంగట్ల మీదా మొరాయించని 250 సీసీ టూ స్ట్రోక్ బండి. రాడ్డు ముందుకుంటే గేరు, అదే రాడ్డును నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు. ఎంత అందమైన ఆలోచన!

ఇంజను విప్పే ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి. ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్ తెల్లపొగ కక్కుతుంటే చాలాసార్లు క్రాంకు సీలు పోయినట్టే. చిన్న రబ్బరు సీలు కోసం బండినే పారేస్తామా? బోరు అరిగితే ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ సంపాదించండి, తర్వాతే దాని కొలతకు లేత్ షాపులో బోరింగ్ చేయించండి. ఈ వరస తప్పితే డబ్బు దండగ. ట్యాంకులో తుప్పుంటే గుప్పెడు నట్లు, కాస్త కిరోసిన్ పోసి బాగా కుదపండి. ఎర్రటి బురద దిగుతుంది.

విడిభాగాలకు హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ ఉంది. గురువారం పొద్దున్నే, పాత ముక్కను చేత్తో పట్టుకునే వెళ్లండి. బండి కొనేవాళ్లు మాత్రం ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిచూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.