ఫెయిలైంది ఎవరు?

ఒక ఇంగ్లీషు మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం కనుక ఇంగ్లీషు క్రియనే ఒకదాన్ని తీసుకున్నాను. ఆయన శిష్యులంతా ఏదో ఒక ఏడు భయపడ్డ క్రియే: ఫెయిల్.

దీని మూలం లాటిన్‌లోని ‘ఫాల్లెరె’. అంటే మోసగించడం. పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది. ‘ఫాల్స్’, ‘ఫాల్ట్’ దీని దాయాదులే. ఇంగ్లీషులో పంట, గుండె, పిల్లవాడు అందరికీ ఈ ఒక్క క్రియే. పంతులు పిల్లవాణ్ణి తప్పించినా అదే క్రియ.

తెలుగులో అలా చెల్లదు. పరాయి క్రియ మన దగ్గర నామవాచకమైపోతుంది. ‘అవు’నో ‘చేయు’నో తోడిస్తే తప్ప కదలదు. ఫెయిలయ్యాడా, ఫెయిల్ చేశారా? వాక్యం ముగిసేలోగా తప్పెవరిదో తేల్చాలి. విజయనగరంలో 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చైన ‘కన్యాశుల్కం’లో వెంకటేశం పరీక్ష ఫెయిలై తండ్రికి జడుస్తుంటే, సెలవుల్లో చదువు చెబుతానంటూ మాయమాటల గిరీశం అతని వెంట బయల్దేరతాడు. లాటిన్‌లోని మోసగించడం, ఇంగ్లీషులోని ఫెయిలవడం, ఆ రెండర్థాలూ కలిసి అగ్రహారం దారి పట్టాయన్నమాట! గురజాడ ఇదంతా చూసుకుని రాశారని నేననను.

ఇంతకంటే మన ఊళ్ల మాటే నాకు ఇష్టం. “మా గుంటడికి ఇంగ్లీషు పోనాది” అంటుంది తల్లి. పోయింది ఇంగ్లీషు. గుంటడు ఎక్కడికీ పోలేదు. నింద వాడి మీద వాలకుండా వాక్యాన్ని తిప్పేసింది ఆవిడ.

ఇదంతా వ్యాకరణం సరదా అనుకునేవారు ఒకసారి ఉద్దానం వెళ్లాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, కొబ్బరీ జీడీ తోటల పచ్చటి ఊళ్లు. అక్కడ ‘కిడ్నీలు ఫెయిలైపోనాయి’ అన్నది ఇంటింటి మాట. షుగరు లేనివాళ్లకూ, కాయకష్టం చేసుకునే నడివయసు వాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశంలో ఉన్నదా అని ఏళ్లుగా పరిశోధకులు వెతుకుతున్నారు. ఇదీ అని ఖాయంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చారు.

కర్త దొరకలేదు గనుక జనం ‘అవు’ దగ్గరే ఆగారు. అది సబబే. పత్రికలు రాసే ‘మూత్రపిండాల వైఫల్యం’ నాకు నచ్చదు. ఆ కిడ్నీలేవో సరిగా పనిచేయడం చేతకాక ఓడినట్టుంటుంది. నొప్పి మాత్రలు మింగి చేసుకున్నాడు, నీళ్లు తాగక చేసుకున్నాడు అనే వాక్యాలైతే మరీ తొందరపాటు. వాటిలో ‘చేయు’ వచ్చేసింది, కర్తగా రోగినే కూర్చోబెట్టారు.