ఉపసంహారం తెలిసిన అస్త్రం

(దేవరకొండలో జరిగిన భక్తజన సభలో చేసిన ఉపన్యాస పాఠం)



నేటి ప్రసంగానికి నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘ఉగ్రవాదం - రాజధర్మం’. దేవుని సన్నిధిలో తుపాకుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని మన ఇతిహాసాలు ఈ ప్రశ్నను దాటవేయలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన భారతభాగంలోని సౌప్తిక పర్వం దీనిని గూర్చినదే. యుద్ధం ముగిసిన నాటి అర్ధరాత్రి అశ్వత్థామ పాండవ శిబిరంలో ప్రవేశించి, నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కుమారులు ఐదుగురిని సంహరించాడు. ఆయుధం చేత లేనివారిని, ఆదమరచి ఉన్నవారిని చంపడం యుద్ధం కాదు. నేడు మనం ఉగ్రవాదమని పిలుస్తున్నది దానినే.

ఆ తరువాతి ఘట్టం మరింత గమనింపదగినది. పాండవులు వెంబడించగా అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రాన్ని ప్రయోగించాడు. అర్జునుడూ ప్రయోగించాడు. రెండు అస్త్రాల నడుమ వ్యాసుడు, నారదుడు వచ్చి నిలిచి, లోకక్షయం కాకుండా ఉపసంహరించుకొమ్మని ఇరువురినీ కోరారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకున్నాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. వదలిన అస్త్రం చివరకు ఉత్తర గర్భంలోని శిశువుపై పడింది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే అస్త్రం. ప్రయోగించడం ఇద్దరికీ తెలుసు, వెనుకకు తీయడం ఒక్కరికే తెలుసు. రాజ్యం పట్టే ఆయుధానికీ ఉగ్రవాది పట్టే ఆయుధానికీ ఉండవలసిన భేదం ఇదేనని నా మనవి. ఆ భేదం నిలిచినంతకాలమే రాజ్యదండం ధర్మదండం అవుతుంది.

దీనికి ఉదాహరణ కోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. మన దేవరకొండకు దక్షిణాన కృష్ణానది, ఆవల నల్లమల అడవి. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వాన పీపుల్స్ వార్ ఏర్పడిన తరువాత, సుమారు పాతికేండ్లపాటు ఈ ప్రాంతం తుపాకి నీడలో బ్రతికింది. పేదరికం, భూమి లేమి, అధికారుల నిర్లక్ష్యం అనే నిజమైన బాధల నుండి ఆ ఉద్యమం బలం పుంజుకున్నది. దానిని కాదనడం సత్యదూరం. కాని బాధకు మందుగా ఎంచుకున్నది హత్య. 1990లో చర్లపల్లి వద్ద కాకతీయ రైలుపెట్టెకు నిప్పు పెట్టగా నలభై మందికి పైగా సామాన్య ప్రయాణికులు మరణించారు. 1993 జనవరిలో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్‌ను హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. 2000 మార్చిలో మన నల్లగొండ జిల్లాకు చెందిన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని ఘట్‌కేసర్ వద్ద మందుపాతరతో బలిగొన్నారు. 2001 డిసెంబరులో మన దేవరకొండ శాసనసభ్యుడు, గిరిజన ప్రతినిధి రాగ్యానాయక్‌ను పొరుగున ఉన్న నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో హతమార్చారు. గిరిజనుల పేరిట పట్టిన తుపాకి గిరిజనులు ఎన్నుకున్న మనిషినే పొట్టన పెట్టుకున్నది. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాల వేళ శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి వాహనంపై అలిపిరిలో మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు.

నేను చందంపేట, డిండి ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేసిన కాలం అది. తండాలలో, గూడేలలో ప్రజలు పడిన అవస్థ కన్నులారా చూచాను. రాత్రివేళ ‘అన్నలు’ తలుపు తట్టి అన్నం పెట్టమంటారు. పెట్టకపోతే ఇన్‌ఫార్మర్ అనే ముద్ర పడుతుంది. తెల్లవారితే పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని అడుగుతారు. మా పాఠశాలలో చదివే ఒక పిల్లవాడు నెలరోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్ళి అడిగాను. వాని తల్లి నన్ను గుమ్మంలోనే నిలిపి, ‘‘సారూ, రాత్రి మా ఇంట్ల ఎవరు తిన్నరో నాకే ఎరుక లేదు. పొద్దున ఎవరికి ఏం జవాబు చెప్పాలె? పిలగాన్ని మా అన్న ఇంటికి తోలిన’’ అన్నది. ఆ తల్లికి సిద్ధాంతాలు తెలియవు. తన బిడ్డ బ్రతికి ఉండాలన్నదే ఆమె కోరిక. ఏ రాజ్యమైనా, ఏ ఉద్యమమైనా ముందుగా జవాబు చెప్పవలసినది ఆ తల్లికే.

మరి ప్రభుత్వం ఏమి చేసింది? 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళాన్ని నిర్మించింది. అడవిలో దళాలు ఎట్లు మసలుతాయో అట్లే మసలడం నేర్చిన దళమది. దానిని తీర్చిదిద్దిన వ్యాస్‌నే ప్రత్యర్థులు బలిగొన్నారని ఇంతకుముందే చెప్పుకున్నాం. సమాచార సేకరణను బలపరచారు. రోడ్లు వేశారు. ఆయుధం దించి వచ్చినవారికి పునరావాసం కల్పించారు. ఇది దండం.

తరువాత ఉపసంహారాన్ని కూడా ప్రయత్నించారు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నిషేధాన్ని పొడిగించక, కాల్పులు ఆపి చర్చలకు పిలిచింది. నల్లమల నుండి నాయకులు బయటకు వచ్చారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దలు మధ్యవర్తులుగా నిలిచారు. అక్టోబరు నెలలో హైదరాబాదులో జరిగిన చర్చలలో ప్రభుత్వపక్షాన కూర్చున్న హోంమంత్రి కె. జానారెడ్డి మన నల్లగొండ జిల్లావారే. ఆ కొద్ది నెలలు మా పల్లెలు రాత్రివేళ తలుపులు తీసి నిద్రించాయి. కాని ఆయుధాలు వీడే విషయంలో ఒప్పందం కుదరలేదు. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చల నుండి వైదొలగారు. తప్పు మీదంటే మీదని ఇరుపక్షాలూ నిందించుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవం నాడే, నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుని, మరికొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం నిషేధం విధించింది. ఆ తరువాత ఏడాది రెండేళ్లలోనే నల్లమలలో దళాల కథ ముగిసింది. 2009లో కేంద్రం మావోయిస్టు పార్టీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది.

చర్చలు విఫలమైనాయి కనుక వృథా అని కొందరు అంటారు. నేను అంగీకరించను. శ్రీకృష్ణుని రాయబారం కూడా యుద్ధాన్ని ఆపలేదు. కాని యుద్ధం ఎవరు కోరారో లోకానికి తెలియజేసింది. రాజ్యం మాట్లాడడానికి సిద్ధమని చూచిన ప్రజలు, ఆ తరువాతి దండాన్ని న్యాయమని భావించగలిగారు. పల్లెలు దళాలకు దూరమైనది తుపాకికి భయపడి మాత్రమే కాదు. తలుపు తీసి నిద్రించిన ఆ కొద్ది నెలల రుచి వారికి తెలిసింది.

అయితే దండానికి ఒక ప్రమాదం ఉన్నది. గురి తప్పిన దండం రెండు పాపాలు మూటగట్టుకుంటుంది: నిర్దోషి శిక్షింపబడతాడు, దోషి తప్పించుకుంటాడు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో ప్రార్థనవేళ బాంబు పేలింది. ఆ తరువాత పట్టుబడిన యువకులలో పలువురు నిర్దోషులుగా విడుదలయ్యారు. మరికొందరిపై నడిచిన విచారణ కూడా 2018లో నిర్దోషిత్వ తీర్పుతోనే ముగిసింది. ప్రార్థనలో మరణించిన వారికి న్యాయం ఇంకా బాకీ ఉన్నది. దీనికి భిన్నంగా 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్ల కేసులో ఆధారాలు ఓపికగా కూర్చారు. 2016లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురిని దోషులుగా నిర్ధారించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు వారి శిక్షను సమర్థించింది. ఆలస్యమైనా దండం గురి తప్పలేదు. ఎన్‌కౌంటర్ మరణాలపై స్వతంత్ర విచారణ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చినది కూడా ఇందుకే. ఇవి సైనికుల, పోలీసుల చేతులకు సంకెళ్లని అనుకోరాదు. అర్జునునికి ఉపసంహార మంత్రం సంకెల కాలేదు.

ఇక నిన్నమొన్నటి విషయం. 2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గామ్‌లో విహారానికి వెళ్ళినవారిని, మతం అడిగి మరీ, కాల్చి చంపారు. మరణించిన 26 మందిలో విశాఖపట్నం, కావలి వాసులు ఉన్నారు. హైదరాబాదులో పనిచేస్తున్న ఒక కేంద్ర అధికారి ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణం విడిచిన స్థానిక ముస్లిం గుర్రపువాడూ ఉన్నాడు. ఆ ఒక్కని మరణాన్ని మరచిపోతే మనం ఆ హంతకుల లెక్కనే ఒప్పుకున్నట్లు అవుతుంది.

మరునాడే ప్రభుత్వం సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేసింది. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ పేరిట తొమ్మిది ఉగ్రవాద స్థావరాలపై సైన్యం దాడి చేసింది. మే 10న కాల్పులు ఆగాయి. ఆ తరువాత అన్ని పార్టీల ప్రతినిధులు ఏడు బృందాలుగా దేశదేశాలకు వెళ్ళి మన వాదం వినిపించారు. ఇంకా కొట్టవలసినదని కొందరు, అసలు కొట్టరాదని కొందరు నేటికీ వాదిస్తున్నారు. అస్త్రం ఎక్కడ వేయాలో ముందే నిర్ణయించుకొని, వేసి, ఆపడం తెలిసిన రాజ్యం మనదని లోకం గ్రహించింది. ఈ విద్య చాలా ఖరీదైనది. ఆ రోజుల్లోనే, మే 9న, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ సరిహద్దులో వీరమరణం పొందాడు. తండా బిడ్డ అతడు. మన దేవరకొండ చుట్టూ ఉన్న తండాల తల్లులకు ఆ వార్త తమ ఇంటి వార్తయే. సభలలో యుద్ధం కావాలని కేకలు వేసే ముందు, యుద్ధానికి వెళ్ళేది ఎవరి బిడ్డలో ఒక్కసారి తలచుకోవాలి.

మరొక మాట. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనాయకుడు, పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. లొంగినవానిని నమ్మవచ్చునా అని అడిగేవారు ఉంటారు. విభీషణుడు శరణు కోరినప్పుడు సుగ్రీవుడూ ఇదే అడిగాడు. శ్రీరాముడు శరణు ఇచ్చాడు. తిరిగివచ్చిన వానికి పని, ఇల్లు, గౌరవం దొరకకపోతే అడవి మళ్ళీ పిలుస్తుంది.

భక్తులారా, మనలో చాలామంది శ్రీశైల యాత్రకు డిండి మీదుగా, మన్ననూరు గేటు దాటి నల్లమలలో ప్రయాణిస్తారు. ఆ గేటు నేటికీ రాత్రి మూసివేస్తారు. పెద్దపులుల సంచారానికి భంగం కలుగరాదని మూస్తారు. మనిషికి మనిషి భయపడి ఆ దారి వెనుదిరిగిన రోజులు గడచిపోయాయి. ఆ మార్గాన వెళ్ళినప్పుడు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల కొరకు, ప్రజాప్రతినిధుల కొరకు, ఏ పాపమూ ఎరుగని చెంచుల, లంబాడీల కొరకు ఒక్క నమస్కారం చేయండి.

దాతలకు ప్రత్యేకంగా ఒక మనవి. రాజ్యం దండం పట్టగలదు. తండాలో బడిమానిన పిల్లవానిని తిరిగి బడికి తెచ్చే పనిలో మాత్రం మన చేయి కూడా పడాలి. మీ దానంలో ఒక వంతు అట్టి పిల్లల చదువుకు, సరిహద్దులో కన్నుమూసిన వారి కుటుంబాలకు చేరేలా చూడండి. ఫోనులో వచ్చే ద్వేషపు మాటను పదిమందికి పంపకుండా మీ దగ్గరే ఆపండి. మనబోటి సామాన్యులకు చేతనైన ఉపసంహారం అది.

మన సైనికులను, మన పల్లెలను ఆ భగవంతుడు చల్లగా చూచుగాక. స్వస్తి.