కళ్లె రాని పిల్లల్లో క్రిమిని పట్టేదెలా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"అక్కడ నువ్వు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని కమిటీవారు అడిగారు. ఇంగ్లండ్‌లో ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబ్‌లో బాక్టీరియాను పట్టుకునే పని నాది. నా బల్ల మీదకు ఎక్కువగా వచ్చేవి సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల నమూనాలు.

ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండూ చెడినవే వస్తే బిడ్డకు వస్తుంది. ఆ జన్యువును 1989లో కనిపెట్టారు. అది చెడితే కణాల గోడల గుండా ఉప్పు, నీరు సరిగా కదలవు. చెమట బాగా ఉప్పగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా చిక్కబడుతుంది. ఆ బంకలో బాక్టీరియా తిష్ఠ వేస్తుంది.

వాటిలో మేం బాగా భయపడేది సూడోమోనాస్ ఎరుజినోసా. నీళ్లలో, మట్టిలో, సింకు గొట్టాల్లో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను సాధారణంగా ఏమీ చెయ్యదు. ఈ పిల్లల్లో కొత్తగా చేరినప్పుడే పట్టుకుంటే, టోబ్రామైసిన్ మందును నాలుగు వారాలు పీల్పించి చాలామందిలో తుడిచెయ్యవచ్చు. ఆలస్యమైతే అది జిగురు పొర కప్పుకుంటుంది. ఆ తరవాత ఏ మందూ దాన్ని పూర్తిగా కదిలించలేదు. అందుకే మాకు రోజులతో పని.

మరి పట్టుకోవడం ఎలా? కళ్లె తీసి ప్లేట్ మీద పెంచి చూడటం పాత పద్ధతి. చిన్నపిల్లలకు కళ్లె ఉమ్మడం రాదు, మింగేస్తారు. గొంతులో దూదిపుల్ల తిప్పి తీస్తే ఊపిరితిత్తుల అడుగున ఉన్నది అందులోకి రాకపోవచ్చు. మత్తిచ్చి గొట్టం వేసి కడిగి తీయవచ్చు గానీ, నెలనెలా ఆ పని చెయ్యలేం. పైగా 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల మాత్ర పెద్దవాళ్లలో కూడా కళ్లెను బాగా తగ్గించింది. రోగికి అది వరం. కానీ చాలామందిలో క్రిమి లోపలే ఉండిపోతోంది, పరీక్షకు మాత్రం కళ్లె దొరకడం లేదు.

అందుకే బయోమార్కర్ల వెతుకులాట. ఈ సభలో చాలామందికి ఒక బయోమార్కర్ బాగా తెలుసు: మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ! మనం దాచినా రక్తం చెప్పేస్తుంది. మేం వెతికేవీ అలాంటి జాడలే.

కొన్ని క్రిమి వదిలే జాడలు. సూడోమోనాస్ పెరిగిన ప్లేట్ నుంచి ద్రాక్షపళ్ల లాంటి వాసన వస్తుంది. ఆ వాసనకు కారణమైన పదార్థం కోసం, అది తయారుచేసే హైడ్రోజన్ సైనైడ్ కోసం పిల్లల శ్వాసలో వెతికారు. బాక్టీరియాలు తమలో తాము పంపుకునే రసాయన సంకేతాల కోసం రక్తంలో, మూత్రంలో వెతికారు. మరికొన్ని మన ఒంటి స్పందన చెప్పేవి: రక్తంలో సీఆర్‌పీ, యాంటీబాడీలు, తెల్లకణాలు వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్. ఆస్ట్రేలియాలో ఈ జబ్బున్న పసిపిల్లలను పరీక్షించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు నెలల వయసులో ఊపిరితిత్తుల్లో ఎలాస్టేజ్ చురుగ్గా కనిపించినవారిలో, మూడేళ్లకు శ్వాసనాళాలు దెబ్బతినే ముప్పు ఎక్కువని తేలింది.

చిక్కు ఎక్కడంటే, నిప్పు లేనిదే పొగ రాదంటాం. నిజమే, కానీ పొగ చూసి ఏ నిప్పో చెప్పలేం. మామూలు వైరస్ జలుబుకూ సీఆర్‌పీ పెరగొచ్చు. నోట్లోనూ కొంత సైనైడ్ పుడుతుంది, అందుకే ముక్కుతో వదిలిన శ్వాసను కొలుస్తారు. ఇక నివురుగప్పిన నిప్పుకు పొగే రాదు. బ్రిటన్‌లో పిల్లల మీద చేసిన పరిశోధనలో శ్వాసలో సైనైడ్ కనబడితే సూడోమోనాస్ ఉన్నట్టు దాదాపు ఖాయం. కానీ క్రిమి ఉన్న పిల్లల్లో చాలామందికి అది కనబడలేదు. అందువల్ల ఒంటరిగా నమ్మదగ్గ బయోమార్కర్ ఇంకా చేతికి రాలేదు. ఈలోగా ఉప్పునీటి ఆవిరి పీల్పించి కళ్లె రప్పించడం మంచి దారి. చిన్నపిల్లల్లోనూ అది పనికొస్తుందని కార్డిఫ్ వైద్యులు 2018లో చూపించారు.

మా రిపోర్టుల్లో "క్రిమి పెరగలేదు" అని రాస్తాం. "క్రిమి లేదు" అని రాయం. ఆ రెండు మాటల మధ్య ఒక బిడ్డ ఊపిరితిత్తులు ఉన్నాయి.

చివరగా మన సంగతి. ఇది తెల్లవాళ్ల జబ్బని ఒకప్పుడు అనుకునేవారు. మన దేశపు పిల్లల్లోనూ ఉందని ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల వైద్యులు చూపించారు. బ్రిటన్‌లో 2007 నుంచి ప్రతి పసిబిడ్డ మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి దీనికోసం చూస్తున్నారు. మనకు దేశమంతటా అలాంటి ఏర్పాటు లేదు. క్షయ అనో, న్యుమోనియా అనో ఏళ్లు గడిచిపోతాయి. మనకు అందుబాటులో ఉన్న మొదటి బయోమార్కర్ చెమటే. అందులో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి. మీ బంధువుల్లో ఏ బిడ్డకైనా మళ్లీ మళ్లీ న్యుమోనియా వస్తూ, తిన్నా ఒళ్లు పట్టక, విరేచనం జిడ్డుగా అవుతూ, ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలితే, చెమట పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి.